మన పర్సులోని నోట్ల మీద ఉన్నవాళ్లెవరు? కెనడా చరిత్రను మలిచిన మనుషుల గురించి చెప్పండి

పైన్_చెట్టు (బ్రాంప్టన్)
అందరికీ నమస్తే. వచ్చే నెలలో నా సిటిజన్‌షిప్ టెస్ట్. 20 ప్రశ్నల్లో 15 కరెక్ట్ అయితే పాస్. చదువుతుంటే పేర్లూ తేదీలూ గుర్తుంటున్నాయి కానీ ఆ మనుషులు కళ్ల ముందుకు రావడం లేదు. నిన్న రాత్రి నేను చదువుకుంటుంటే మా అబ్బాయి (రెండో తరగతి) నా పర్సులోంచి నోట్లు తీసి టేబుల్ మీద వరసగా పేర్చాడు. "నాన్నా, వీళ్లంతా ఎవరు?" అన్నాడు. 5 మీద విల్‌ఫ్రిడ్ లారియే, 10 మీద వయోలా డెస్మండ్, 20 మీద రాణి, 50 మీద మెకెంజీ కింగ్ అని చెప్పాను. 100 నోటు పర్సులో లేదు, దాని మీద రాబర్ట్ బోర్డెన్ ఉంటాడని కూడా చెప్పాను. "వాళ్లేం చేశారు?" అని అడిగాడు. ప్రధానమంత్రులు అన్నాను. ఆ తర్వాత ఇంకో వాక్యం నా దగ్గర లేదు.

ఈ దేశం ఇలా ఉండటానికి కారణమైనవాళ్లలో మీరు ముందు ఎవరి పేరు చెబుతారు? ఎందుకు? టెస్ట్ కోసం కాదు, వాడికి చెప్పడానికి.

ప్రేరీ_పల్లె (సస్కటూన్)
టామీ డగ్లస్. నోటు మీద లేడు కానీ నీ పర్సులోనే ఉన్నాడు తమ్ముడూ, హెల్త్ కార్డు రూపంలో.

1904లో స్కాట్లాండ్‌లో పుట్టాడు. చిన్నప్పుడు కాలికి దెబ్బ తగిలి ఎముకకు ఇన్ఫెక్షన్ పట్టింది. కుటుంబం విన్నిపెగ్ వచ్చాక అది మళ్లీ తిరగబెట్టింది. స్పెషలిస్టుకు ఇచ్చే డబ్బు లేదు కాబట్టి కాలు తీసేద్దామన్నారు. అప్పుడు ఒక సర్జన్, తన విద్యార్థులు చూసి నేర్చుకోవడానికి ఒప్పుకుంటే ఉచితంగా ఆపరేషన్ చేస్తానన్నాడు. కాలు దక్కింది. ఒక డాక్టరు దయ వల్ల దక్కిన కాలు అది. దయ మీద కాకుండా హక్కుగా వైద్యం అందాలని ఆయన జీవితమంతా పట్టుబట్టడానికి మూలం అక్కడే ఉంది.

పాస్టర్‌గా మొదలై 1944లో సస్కాచవాన్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యాడు. అసెంబ్లీలో 52 సీట్లుంటే 47 ఆయన పార్టీవే. 1947లో ఆసుపత్రి ఖర్చులకు బీమా పెట్టాడు. తర్వాత డాక్టరు ఫీజులకు కూడా వర్తించే మెడికేర్ తేవాలనుకున్నాడు. 1962 జులై 1న అది అమల్లోకి వచ్చిన రోజే డాక్టర్లు సమ్మెకు దిగారు. 23 రోజులు నడిచింది. అప్పటికి డగ్లస్ ప్రీమియర్ కాదు, ఫెడరల్ (కేంద్ర) రాజకీయాల్లోకి వెళ్లిపోయాడు. ఆ సమ్మెను తట్టుకుని నిలబడింది వుడ్రో లాయిడ్. ఆయన పేరు మా సస్కాచవాన్‌లోనే చాలామందికి తెలియదు, అదే నా బాధ. అదే ఏడాది జూన్‌లో డగ్లస్ రెజైనా నుంచి పార్లమెంటుకు పోటీ చేసి ఓడిపోయాడు కూడా. నాలుగేళ్ల తర్వాత దేశమంతటికీ మెడికేర్ చట్టం వచ్చింది.

మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు గుండె నొప్పితో మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆమెకు ఇక్కడి కార్డు లేదు, ఇన్సూరెన్సు ఆ జబ్బుకు వర్తించదన్నారు. ఆ బిల్లు చూశాక కార్డు లేని బతుకంటే ఏమిటో నాకు అర్థమైంది. డగ్లస్ రోజుల్లో అందరి పరిస్థితీ అదే.

తెల్లకోటు (లండన్, ఒంటారియో)
డగ్లస్ గురించి ప్రేరీ_పల్లె గారు చెప్పినదంతా నిజం. ఒక మాట కలుపుతాను. 1933లో డగ్లస్ తన ఎంఏ థీసిస్‌లో, మానసికంగా బలహీనులని ముద్ర పడినవాళ్లకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయాలన్న వాదాన్ని సమర్థించాడు. తర్వాత ఆ ఆలోచన వదిలేశాడు, ప్రీమియర్ అయ్యాక అలాంటి చట్టం తేలేదు. పక్క రాష్ట్రం అల్బెర్టాలో మాత్రం ఆ చట్టం 1928 నుంచి 1972 దాకా నడిచింది. పిల్లాడికి చెప్పక్కర్లేదు కానీ మనకు తెలిసి ఉండాలి.

నా ఓటు ఇన్సులిన్ కనిపెట్టిన ఫ్రెడరిక్ బాంటింగ్‌కు. నేను నర్సును, రోజూ ఇన్సులిన్ ఇస్తాను. నేనుండే ఈ ఊళ్లోనే 1920 అక్టోబర్ చివరి రాత్రి బాంటింగ్‌కు నిద్ర పట్టక, తెల్లవారుజామున రెండు గంటలకు లేచి తన ఆలోచనను నాలుగు ముక్కల్లో రాసుకున్నాడు. మరుసటి ఎండాకాలం టొరంటోలో ప్రొఫెసర్ మెక్లియాడ్ ల్యాబ్‌లో, చార్లెస్ బెస్ట్ అనే 22 ఏళ్ల కుర్రాడితో కలిసి కుక్కల మీద ప్రయోగాలు చేశాడు. 1922 జనవరి 11న లియొనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల పిల్లాడికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. మందు శుద్ధిగా లేక రియాక్షన్ వచ్చింది. కాలిప్ అనే బయోకెమిస్టు రాత్రింబవళ్లు కూర్చుని దాన్ని శుద్ధి చేశాడు. 23న ఇచ్చిన రెండో మోతాదు పనిచేసింది. చావు కోసం ఎదురుచూస్తున్న పిల్లాడు ఇంకో 13 ఏళ్లు బతికాడు.

పేటెంట్‌ను బాంటింగ్, బెస్ట్, కాలిప్ ముగ్గురూ తలా ఒక డాలరుకు టొరంటో యూనివర్సిటీకి రాసిచ్చేశారు. మా నాన్న గారు కర్నూలులో ఇరవై ఏళ్లుగా రోజూ పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుంటున్నారు. ఆయనకు బాంటింగ్ పేరు తెలియదు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు చెప్పాలి.

సముద్రపు_గాలి (హాలిఫాక్స్)
పిల్లాడికి చెప్పాలంటే 10 నోటుతో మొదలుపెట్టండి. మిగతా నోట్లు అడ్డంగా ఉంటాయి, అది ఒక్కటే నిలువుగా ఉంటుంది. పిల్లలు ముందు దాన్నే పట్టుకుంటారు.

వయోలా డెస్మండ్ మా హాలిఫాక్స్ ఆవిడ. బ్యూటీషియన్ కోర్సు చదువుదామంటే ఇక్కడి స్కూళ్లు నల్లవాళ్లను చేర్చుకునేవి కావు. మాంట్రియల్ వెళ్లి నేర్చుకుని వచ్చి, గోటింజెన్ స్ట్రీట్‌లో సొంత పార్లర్ పెట్టింది. తనలాంటి అమ్మాయిల కోసం స్కూల్ నడిపింది, తన పేరుతో పౌడర్లూ క్రీములూ తయారుచేసి అమ్మింది. 1946 నవంబర్ 8న పని మీద మా నోవా స్కోషియా ప్రావిన్స్‌లోనే ఉన్న సిడ్నీ అనే ఊరికి వెళ్తుంటే న్యూ గ్లాస్గోలో కారు చెడిపోయింది. రిపేరు అయ్యేలోపు సినిమా చూద్దామని రోజ్‌లాండ్ థియేటర్‌కు వెళ్లింది. ఆమెకు దూరపు చూపు సరిగా ఉండేది కాదు, అందుకని కింద ముందు సీట్లో కూర్చుంది. నీ టికెట్ బాల్కనీది, పైకి వెళ్లు అన్నారు. తేడా డబ్బులు కడతాను, కింది టికెట్ ఇవ్వండి అంది. మీలాంటి వాళ్లకు కింది టికెట్లు అమ్మం అన్నారు. మళ్లీ వెళ్లి అదే సీట్లో కూర్చుంది. పోలీసులు ఈడ్చుకెళ్లారు. రాత్రంతా జైల్లో, చేతులకు తెల్ల గ్లవుజులు తీయకుండా నిటారుగా కూర్చుంది.

మరునాడు కోర్టులో ఒంటి రంగు మాటే రాలేదు. కేసు ఏమిటంటే, కింది టికెట్ మీద వినోద పన్ను 3 సెంట్లు, పై టికెట్ మీద 2 సెంట్లు. ఆ ఒక్క సెంటు ప్రభుత్వానికి ఎగ్గొట్టిందని. 20 డాలర్ల జరిమానా, 6 డాలర్ల ఖర్చులు. పై కోర్టుకు వెళ్లినా గెలవలేదు. 1965లో న్యూయార్క్‌లో చనిపోయింది, 50 ఏళ్లకే.

నేను ఎక్కువగా తలుచుకునేది ఆమె చెల్లెలు వాండా రాబ్సన్‌ను. అక్క ఎలాగూ పోయింది, ఇప్పుడెందుకు అని ఊరుకోలేదు. డెబ్బై ఏళ్లు దాటాక యూనివర్సిటీలో చేరి చదువుకుంది, అక్క కథ బయటికి తెచ్చింది. 2010లో నోవా స్కోషియా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, డెస్మండ్‌కు మరణానంతరం నిర్దోషిగా గుర్తింపు ఇచ్చింది. ఆ కాగితం మీద సంతకం చేసిన లెఫ్టినెంట్ గవర్నర్ మేయాన్ ఫ్రాన్సిస్ కూడా నల్లజాతి మహిళే. 2018లో నోటు వచ్చింది.

ఎర్రనది (విన్నిపెగ్)
ఆ నోటు వెనక ఉన్న బిల్డింగ్ మా ఊరి మానవ హక్కుల మ్యూజియం. దాన్ని చూసినప్పుడల్లా నాకు లూయీ రియెల్ గుర్తొస్తాడు. 1869లో కెనడా ప్రభుత్వం ఇక్కడి భూముల్ని, మీ అభిప్రాయం ఏమిటని కూడా అడక్కుండా కలుపుకోబోతే, మెటీ ప్రజల్ని (ఆదివాసీ, యూరప్ మూలాలు కలిసినవాళ్లు) కూడగట్టి ఎదురు నిలిచాడు. ఆయన వల్లే 1870లో మానిటోబా ఒక ప్రావిన్స్‌గా పుట్టింది. మూడుసార్లు ఎంపీగా గెలిచాడు, ఒక్కసారీ సభలో కూర్చోనివ్వలేదు. 1885లో మళ్లీ పోరాడి ఓడిపోయాక రెజైనాలో ఉరి తీశారు. ఇప్పుడు ఫిబ్రవరిలో ఆయన పేరుతో మాకు సెలవు. 2023లో ఆయన్ను మానిటోబా తొలి ప్రీమియర్‌గా గౌరవించే చట్టం చేశారు. ఉరి తీసింది రాజద్రోహి అని. అదే మనిషి ఇప్పుడు మొదటి ప్రీమియర్.

వాంకూవర్_వాన (సర్రే)
అందరూ మంచి పేర్లే చెప్పారు. అయితే పైన్_చెట్టు గారు అడిగింది నోట్ల మీద ఉన్నవాళ్ల గురించి. ఆ మిగతా మూడు ముఖాల గురించి మనవాళ్లకు తప్పకుండా తెలియాలి.

లారియే (5): 1908లో ఆయన ప్రభుత్వం ఒక రూలు పెట్టింది. పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా, ఒకే టికెట్ మీద వచ్చినవాళ్లనే దిగనిస్తాం అని. ఇండియా పేరు ఎక్కడా రాయలేదు. కానీ ఇండియా నుంచి అలా నేరుగా వచ్చే ఓడే లేదు. పైగా చేతిలో 200 డాలర్లు చూపించాలి. అంతకు ముందు నాలుగైదేళ్లలో సుమారు 5,000 మంది మనవాళ్లు, ఎక్కువగా పంజాబీలు, వచ్చారు. ఆ రూలుతో దాదాపు ఆగిపోయింది.

బోర్డెన్ (100): 1914 మే 23న కొమగాట మారు ఓడ 376 మందితో వాంకూవర్ చేరింది. ఆయనే ప్రధాని. ఇంతకు ముందు ఇక్కడ ఉండి తిరిగొచ్చిన ఇరవై మందిని, ఇంకొందరిని తప్ప ఎవర్నీ దిగనివ్వలేదు. రెండు నెలలు తీరం కనిపిస్తుండగా ఓడలోనే ఉంచి, జులై 23న యుద్ధనౌకను తోడిచ్చి వెనక్కి పంపారు. కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగాక బ్రిటిష్ పోలీసుల కాల్పుల్లో సుమారు 20 మంది చనిపోయారు.

కింగ్ (50): 1908లోనే ఇండియన్ల వలస మీద ఇంగ్లండ్‌లోని లండన్ వెళ్లి మాట్లాడి రిపోర్టు రాసిన అధికారి ఈయనే. ప్రధాని అయ్యాక 1923లో చైనావాళ్ల రాకను దాదాపు పూర్తిగా మూసేసే చట్టం ఈయన హయాంలోనే వచ్చింది. 1947 మేలో పార్లమెంటులో, ఆసియా నుంచి పెద్ద ఎత్తున వలసలు వస్తే దేశ జనాభా స్వరూపమే మారిపోతుందని, అది తమకు వద్దని చెప్పాడు.

మేము వాంకూవర్ తీరానికి వాకింగ్‌కు వెళ్తే నీళ్ల పక్కన కొమగాట మారు స్మారకం ఉంటుంది. దాని ముందు నిలబడితే, పర్సులో ఉన్న మూడు నోట్ల మీది మనుషులు మన తాతల్ని ఈ తీరంలో దిగనివ్వలేదన్న మాట నాకు చాలా బరువుగా అనిపిస్తుంది.

ప్రేరీ_పల్లె (సస్కటూన్)
వాన గారూ, ఇవన్నీ కాదనలేని నిజాలే. కానీ వాళ్ల గురించి అదొక్కటే చెబితే అన్యాయం అవుతుంది. లారియే ఫ్రెంచ్ మాట్లాడే మొదటి ప్రధాని. ఇంగ్లిష్‌వాళ్లూ ఫ్రెంచ్‌వాళ్లూ ఒకే దేశంలో ఉండగలరా అన్న అనుమానం రోజూ ఉన్న కాలంలో 15 ఏళ్లు ఇద్దర్నీ కలిపి నడిపాడు. 1905లో మా సస్కాచవాన్, పక్కన అల్బెర్టా పుట్టింది ఆయన హయాంలోనే. ఇక్కడి గోధుమ చేలల్లో చాలా ఆ రోజుల్లో వచ్చిన ఉక్రేనియన్ కుటుంబాలు దున్నినవే.

కింగ్ విషయంలో కూడా, అదే 1947లో చైనావాళ్ల మీది చట్టాన్ని రద్దు చేశారు, బ్రిటిష్ కొలంబియాలో మనవాళ్లకు ఓటు హక్కు తిరిగొచ్చింది.

వాంకూవర్_వాన (సర్రే)
ఒప్పుకుంటాను. కానీ ఆ ఓటు కింగ్ ఇచ్చింది కాదండీ. 1907లో లాక్కున్నదాన్ని నలభై ఏళ్లు గురుద్వారాల్లో చందాలు పోగుచేసి, ప్రతినిధుల్ని పంపి, కలప మిల్లుల్లో యూనియన్లతో కలిసి పోరాడి తెచ్చుకున్నారు. ఆ మిల్లు కూలీల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఉక్రేనియన్ రైతుకు భూమి దొరికిన ఆ రోజుల్లోనే పంజాబీ రైతుకు ఓడ దిగే హక్కు లేదు. రెండూ ఒకే ప్రభుత్వం చేసిన పనులే.

హామిల్టన్_తాత (హామిల్టన్)
ఆలస్యంగా చూశాను నాయనా. నాకు 81 ఏళ్లు, నెమ్మదిగా టైపు చేస్తాను.

తలుపు ఎవరు మూశారో వాన గారు చక్కగా చెప్పారు. ఎవరు తెరిచారో కూడా చెప్పుకోవాలి. ఆవిడది మా ఊరే. పేరు ఎలెన్ ఫెయిర్‌క్లో.

ముందు ఒక లెక్క చెబుతాను. 1951 నుంచి ఇండియా మొత్తానికి కెనడా ఇచ్చిన కోటా ఏడాదికి 150 మంది. 1957లో దాన్ని 300 చేశారు. మన దేశ జనాభా అప్పటికే నలభై కోట్ల పైమాట. అందులో గుంటూరు జిల్లా కుర్రాడికి చోటు ఎక్కడ?

ఫెయిర్‌క్లో 1905లో హామిల్టన్‌లో పుట్టింది. అకౌంట్ల పని నేర్చుకుని సొంత ఆఫీసు నడిపింది. 1950లో ఎంపీ, 1957లో డీఫెన్‌బేకర్ ప్రభుత్వంలో మంత్రి. కెనడా కేబినెట్‌లో మొదటి మహిళ ఆవిడే. మరుసటి ఏడాది ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చారు. 1960లో డీఫెన్‌బేకర్ హక్కుల చట్టం తెచ్చాడు, జాతి పేరుతో వివక్ష ఉండదని. ఆ మాట ఒక చేత్తో రాస్తూ ఇంకో చేత్తో రంగు చూసి వీసా ఇస్తామంటే ఎలా కుదురుతుంది? 1962 జనవరిలో ఫెయిర్‌క్లో కొత్త నిబంధనలు సభ ముందు పెట్టింది. చదువు, పని నైపుణ్యం ఉండి తన కాళ్ల మీద నిలబడగలిగినవాడు ఏ దేశంవాడైనా, ఏ రంగువాడైనా రావచ్చు. పెద్ద బిల్లు కాదు, ఉపన్యాసాలు లేవు, నిబంధనల మార్పు అంతే. అందుకే ఎవరికీ గుర్తు లేదు. 1963 ఎన్నికల్లో ఆవిడ ఓడిపోయింది.

అంతా ఆవిడే చేసిందని అనను. బంధువుల్ని పిలిపించుకునే విషయంలో యూరప్‌వాళ్లకూ మనకూ తేడా ఇంకా మిగిలే ఉంది. దాన్ని 1967లో పియర్సన్ ప్రభుత్వం తీసేసింది. ఆ ఏడాది అక్టోబర్‌లోనే పాయింట్ల పద్ధతి వచ్చింది. 100కి 50 వస్తే చాలు. మీరంతా ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ స్కోరు అని టెన్షన్ పడుతుంటారే, దానికి అది తాత.

నేను 1969లో వచ్చాను. ఢిల్లీలో ఇంటర్వ్యూ. ఆఫీసరు ఎదురుగా ఒక కాగితం పెట్టుకుని చదువుకు ఇన్ని, వయసుకు ఇన్ని, ఇంగ్లిష్‌కు ఇన్ని అని వేసుకుంటూ పోయాడు. మా నాన్న ఎవరు, కులం ఏమిటి, ఏ ఊరు, ఎవరి సిఫార్సు, ఏదీ అడగలేదు. బయటికొచ్చి చెట్టు కింద కూర్చుని చాలాసేపు లేవలేకపోయాను. పుట్టాక మొదటిసారి ఒకడు నన్ను అంకెల్లో మాత్రమే చూశాడు. ఆ రోజు అది నాకు ఎంత గౌరవంగా అనిపించిందో మాటల్లో చెప్పలేను.

పైన్_చెట్టు (బ్రాంప్టన్)
తాత గారూ, మీ పోస్ట్ మా ఆవిడకు చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఈ పేరు నేను ఇంతవరకు వినలేదు.

నారింజ_చొక్కా (కాల్గరీ)
బాబాయ్ గారూ, మీరు రాసింది చదివి కళ్లు చెమర్చాయి. నేనూ ఆ పాయింట్ల మీదే వచ్చాను. అయినా ఒక విషయం చెప్పకుండా ఉండలేను, తప్పుగా అనుకోకండి.

ఫెయిర్‌క్లో దగ్గరున్న శాఖ ఇమ్మిగ్రేషన్ ఒక్కటే కాదు. ఆ రోజుల్లో ఇక్కడి ఆదివాసీల వ్యవహారాలు కూడా అదే శాఖ కింద ఉండేవి. అంటే రెసిడెన్షియల్ స్కూళ్లు కూడా. మనకు తలుపు తెరిచిన ఏళ్లలోనే, ఈ నేల అసలు మనుషుల పిల్లల్ని ఇంటి నుంచి తీసుకెళ్లి, వాళ్ల భాష మాట్లాడితే కొట్టే స్కూళ్లు అదే మంత్రి కింద నడిచాయి. వాళ్లకు ఫెడరల్ ఎన్నికల్లో షరతుల్లేని ఓటు 1960లో వచ్చింది, అప్పుడూ మంత్రి ఆవిడే. ఈ రెండూ నిజమే.

ఆ స్కూళ్లలో సుమారు 1,50,000 మంది పిల్లలు చదివారు. అక్కడ ఏం జరుగుతోందో ప్రభుత్వానికి తెలియదు అనుకుంటాం. తెలుసు. డాక్టర్ పీటర్ బ్రైస్ అనే ప్రభుత్వ వైద్యాధికారి 1907లో 35 స్కూళ్లు చూసి రిపోర్టు ఇచ్చాడు. వివరాలు దొరికిన పిల్లల్లో దాదాపు నాలుగో వంతు చనిపోయారు, ఎక్కువగా క్షయతో. ఒక స్కూల్లో అది 69 శాతం. గాలి ఆడని గదులు, జబ్బు పిల్లలూ మంచి పిల్లలూ ఒకేచోట పడుకోవడం. కిటికీలు పెట్టండి, నర్సుల్ని పెట్టండి అన్నాడు. ఖర్చు అని పక్కన పెట్టారు. ఆ శాఖను 1913 నుంచి నడిపిన డంకన్ క్యాంప్‌బెల్ స్కాట్ 1920లో చదువును తప్పనిసరి చేసి, పిల్లల్ని పంపని తల్లిదండ్రుల్ని శిక్షించే వీలు కల్పించాడు. బ్రైస్‌ను ఉద్యోగం నుంచి తప్పించాక, 1922లో ఆయన ఇది జాతీయ నేరం అని సొంతంగా పుస్తకం అచ్చు వేయించాడు. ఇద్దరూ ఒట్టావాలో ఒకే శ్మశానంలో ఉన్నారు.

సెప్టెంబర్ 30న మా పాప స్కూలుకు నారింజ రంగు చొక్కా వేసుకెళ్తుంది. మొదటి ఏడాది నేను ఏదో కలర్ డే అనుకుని వెతికి కొన్నాను. తర్వాత తెలిసింది, ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆవిడకు ఆరేళ్లప్పుడు వాళ్ల అవ్వ కొనిచ్చిన నారింజ చొక్కాను అలాంటి రెసిడెన్షియల్ స్కూల్లో మొదటి రోజే ఊడదీసుకుని మళ్లీ ఇవ్వలేదని. అప్పటినుంచి ఆ చొక్కాను నేనే ఇస్త్రీ చేసి పాపకు వేస్తాను. నా లిస్టులో మొదటి పేరు బ్రైస్‌ది. ఆయన మాట అప్పుడు ఎవరూ వినలేదు, అయినా రాసి పెట్టాడు. వందేళ్ల తర్వాత నిజం తేల్చే కమిషన్ కూర్చున్నప్పుడు ఆ అంకెలు అక్కడ సిద్ధంగా ఉన్నాయి.

హామిల్టన్_తాత (హామిల్టన్)
తప్పుగా ఎందుకు అనుకుంటానమ్మా. యాభై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో ఉండి, ఆవిడంటే ఇంత అభిమానం ఉండి, ఆ రెండో శాఖ సంగతి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. నాకు తలుపు తెరిచారన్న సంతోషంలో, ఆ ఇల్లు ఎవరిదో అడగడం మర్చిపోయాను. నువ్వు చెప్పావు, మంచిపని చేశావు.

తెల్లకోటు (లండన్, ఒంటారియో)
నారింజ_చొక్కా గారూ, బ్రైస్ గురించి మా నర్సింగ్ క్లాసులో ఒక్క ముక్క చెప్పలేదు. రేపు మా వార్డులో అందరికీ చెబుతాను.

పైన్_చెట్టు (బ్రాంప్టన్)
ఇవాళ సాయంత్రం మావాడితో మళ్లీ కూర్చున్నాను. నోట్లు వాడే పేర్చాడు. 10 నోటు కథ మొత్తం చెప్పాను. "ఒక్క సెంటుకి జైల్లో పెడతారా?" అని నాలుగుసార్లు అడిగాడు. లోపలికెళ్లి వాడి డబ్బాలోంచి ఒక పాత సెంటు బిళ్ల తెచ్చి నోటు పక్కన పెట్టాడు. ఓడ గురించి కూడా చెప్పాను, చనిపోయినవాళ్ల సంగతి తప్ప. "మరి మనల్ని ఎవరు రానిచ్చారు?" అన్నాడు. తాత గారు చెప్పిన పేరు చెప్పాను. నోట్లన్నీ తిరగేసి వెతికి, "ఆవిడ ఎందులోనూ లేదు" అన్నాడు. చూపించడానికి ఫోన్లో ఫొటో వెతికి ఇచ్చాను. బ్రైస్ గారి కథ వచ్చే సెప్టెంబర్ 30కి దాచి ఉంచాను, చొక్కా కొనేటప్పుడు చెబుతాను.

తాత గారూ, మీ ఊళ్లో ఆవిడకు సంబంధించింది ఏదైనా చూపించేది ఉందా? వాడు అడుగుతున్నాడు.

హామిల్టన్_తాత (హామిల్టన్)
ఉంది నాయనా. కింగ్ స్ట్రీట్ వెస్ట్ మీద ఆవిడ పేరుతో ఎత్తైన గవర్నమెంట్ ఆఫీసు బిల్డింగ్ ఉంది. బయట పేరు రాసి ఉంటుంది, వాడు చదవగలడు. శనివారం తీసుకురా. వచ్చిన రోజు నాకిచ్చిన ల్యాండింగ్ కాగితం ఇంకా నా దగ్గర ఉంది, మడతల దగ్గర చిరిగిపోతే టేపు వేశాను. అదీ చూపిస్తాను. భోజనం మా ఇంట్లోనే. మనవడికి కారం తక్కువ వేయాలా, మామూలుగా వేయాలా?